ఇంజన్లో మసిగుడ్డ

ఉమాకాంతానికి పెద్ద కోరికలేమీ లేవు. స్థలాలు కొనాలని లేదు, ప్రమోషన్ రావాలని లేదు, చుట్టాల్లో తన మాట చెల్లాలని అసలే లేదు. ఒక్క ఆదివారం, మధ్యాహ్నం భోంచేసి, ఫ్యాను కింద అడ్డంగా పడి, సాయంత్రం కాఫీ వాసనకి తప్ప మరి దేనికీ లేవకుండా పడుకోవాలి. ఆ ఒక్క కోరికా తీరక మనిషి సగమైపోయాడు.

కాపురం జగ్గయ్యపేటలో, ఉద్యోగం నందిగామలో. సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున బస్సులో నిలబడి వెళ్తాడు, సాయంత్రం బస్సులో నిలబడి వస్తాడు. చిల్లకల్లు దగ్గర ఏ గుంత ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. కాకపోతే లేపడానికి ముందు నిద్రంటూ ఉండాలి కదా.

మరి ఆదివారం? ఆదివారం కూడా నందిగామే. అదే రోడ్డు, అవే గుంతలు. తేడా అల్లా ఒక్కటే, ఆ రోజు నిలబడక్కర్లేదు, కూర్చుని కారు నడుపుకుంటూ వెళ్లాలి. ఎందుకంటే అతని భార్య వసుమతికి చెల్లెలు రాగసుధ ఉన్నది నందిగామలో. ఆ రాగసుధ మొగుడు వరప్రసాదరావు కొత్తిల్లు కట్టాడు. కట్టినవాడు ఊరుకోక, వారానికొక ముక్క చొప్పున తోడల్లుడికి చూపిస్తున్నాడు. ఒక ఆదివారం గేటు, ఇంకో ఆదివారం గచ్చు, మరో ఆదివారం నీళ్ల ట్యాంకు. ట్యాంకు చూడ్డానికి నిచ్చెన కూడా ఎక్కించాడు. భోజనాలయ్యాక సోఫాలో కూర్చోబెట్టి తన కొత్త కారు గురించి మొదలుపెడతాడు. ఉమాకాంతం రెప్పలు వాలడం ఆలస్యం, మోకాలి మీద తట్టి, "వింటున్నారా అన్నయ్యగారూ?" అంటాడు. ఆ మోకాలు ఇప్పుడు వాతావరణం మారితే నొప్పి పెడుతోంది.

రాను అని ఒక్క మాట చెప్తే సరిపోయేది. అదే వచ్చిన చిక్కు. ఉమాకాంతం నోట్లో ఆ మాట పుట్టలేదు. ఎవరేమడిగినా అతని గొంతులోంచి "సరే" అనేది దానంతటదే వచ్చేస్తుంది. పెళ్లిచూపుల్లో కూడా అలాగే వచ్చిందని వసుమతి అంటూ ఉంటుంది.

పక్కింటి డేవిడ్‌రాజు మాస్టారు హైస్కూల్లో డ్రిల్లు చెప్తాడు. ఒకసారి మాటల్లో ఆయన, "దేవుడే ఏడో రోజు పని మానుకుని విశ్రాంతి తీసుకున్నాడండీ" అన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఉమాకాంతానికి మనసులో ఒకటే బాధ. ఆ దేవుడికి నందిగామలో తోడల్లుడు లేడు.

ఇక కారు సంగతి. పాతది, అతని చేతికి రాకముందే ఇద్దరి చేతులు మారింది. ఒకప్పుడు తెల్లగా ఉండేదట. పేటలో సిమెంటు దుమ్ము తాగి తాగి ఇప్పుడు ఏ రంగని చెప్పడం కష్టం. వసుమతి దానికి ముసలాయన అని పేరు పెట్టింది. "ముసలాయన లేచాడా?", "ముసలాయనకి నీళ్లు పోసారా?" అంటుంది. ఉమాకాంతానికి మాత్రం ఆ కారంటే ప్రాణం. రిపేరు వీడియోలు తెగ చూస్తాడు, స్పానర్ల పెట్టె కొన్నాడు, తన బండికి మెకానిక్ చెయ్యి తగలనివ్వనని ఆఫీసంతా చాటాడు. ఇన్నాళ్లూ ముసలాయన పెద్దగా జబ్బు పడకపోవడం వల్ల ఆ మాట అలా నిలబడిపోయింది.

శనివారం సాయంత్రం ఉమాకాంతం బస్సు దిగి, ఈడ్చుకుంటూ ఇంటికొచ్చి చెప్పులు విప్పాడో లేదో, వసుమతి వంటింట్లోంచి కేకేసింది.

"ఏవండీ, రేపు పెందలాడే బయల్దేరాలి. రాగసుధ గుత్తొంకాయ చేసి తెమ్మంది."

"వాళ్లింటికి మనం భోజనానికెళ్తూ మనమే కూర తీసుకెళ్లడమేంటే?"

"దానికి గుత్తొంకాయ కుదరదు. పోయిన వారం పులిహోర కుదర్లేదు, చేసిచ్చా. మరిదిగారు వంటింట్లో పొగ లాగే చిమ్నీ పెట్టించారంట. మీకు చూపించాలని తెగ ముచ్చట పడుతున్నారంట."

"చిమ్నీలో చూసేదేముంది?"

"ఏమో. దాని కింద నించోబెట్టి చూపిస్తారేమో. సరేనా?"

"సరే" అంది ఉమాకాంతం గొంతు, అతన్ని అడక్కుండానే.

అన్నాడే గానీ, కళ్ల ముందు చిమ్నీ కనబడింది. దాని కింద మోకాలి మీద తడుతున్న వరప్రసాదరావు కనబడ్డాడు. ఎప్పుడూ లేనిది ఉమాకాంతం బుర్రలో ఒక కుట్ర పుట్టింది. కారు కదలకపోతే ప్రయాణం లేదు. ప్రయాణం లేకపోతే నిద్ర ఉంది. బస్సులో వెళ్దామని వసుమతి అనదు, కూర గిన్నె పట్టుకుని బస్సెక్కడం ఆమెకి చచ్చేంత చిరాకు.

ముసలాయనకి దెబ్బ తగలకూడదు, కానీ మంచం పట్టాలి. వీడియోల పరిజ్ఞానం ఇప్పుడు పనికొచ్చింది. ఇంజను కూడా మనిషి లాంటిదే, గాలి పీల్చకపోతే నడవదు. ఉమాకాంతం లుంగీ కట్టుకుని, మంచినీళ్ల కోసమన్నట్టు వంటింట్లోకి వెళ్లి, గట్టు మీదున్న మసిగుడ్డ లుంగీలో దోపుకున్నాడు. వసుమతి తన పాత నూలు చీర చింపి కుట్టుకున్న గుడ్డ అది, పసుపు మీద ఎర్ర చుక్కలు, చుక్కల మీద ఏళ్ల తరబడి మసి. బయటికొచ్చి, బానెట్టెత్తి, గాలి డబ్బా మూతకున్న రెక్కల నట్టు తిప్పి, లోపలి ఫిల్టరు పైకి తీసి, దాని కిందున్న ఇంజను నోట్లో ఆ గుడ్డని కుక్కాడు. ఫిల్టరూ మూతా మళ్లీ పెట్టేసి, చేతులు దులుపుకుని, చాలా కాలం తర్వాత ఈలేసుకుంటూ లోపలికొచ్చాడు.

వంటింటి కిటికీ సరిగ్గా కారు పెట్టే చోటికే తెరుచుకుంటుందన్న సంగతి ఆ సంబరంలో అతనికి గుర్తు రాలేదు.

ఆదివారం పొద్దున వసుమతి జరీ అంచు చీర కట్టుకుని, గుత్తొంకాయ గిన్నెకి గుడ్డ కట్టి, వెనక సీట్లో పెట్టి, తను ముందు సీట్లో కూర్చుంది. ఉమాకాంతం తాళం తిప్పాడు. ముసలాయన ఖళ్లు ఖళ్లుమని దగ్గి ఆగిపోయాడు. మళ్లీ తిప్పాడు. ఇంకా గట్టిగా దగ్గాడు. నాటకం రక్తి కట్టాలని ఉమాకాంతం తిప్పిందే తిప్పాడు. చివరికి దగ్గు కూడా రాలేదు, పెట్రోలు వాసన మాత్రం గుప్పుమంది.

"అయ్యో, ఇప్పుడెలాగే?" అన్నాడు, ముఖం వీలైనంత దిగులుగా పెట్టి.

"ఏమైందంటారు?"

ఉమాకాంతం దిగి, బానెట్టెత్తి, డాక్టరులా అటూ ఇటూ చూశాడు. "లోపల పెద్ద సమస్యే. ఇవాళ కదలడు."

"నిన్న సాయంత్రం బానే ఉన్నాడుగా?"

"ముసలాళ్ల సంగతి తెల్సిందేగా. సాయంత్రం బాగుంటారు, పొద్దుటికి…"

"అవునవును" అంది వసుమతి. ఆమె మొహంలో కోపం లేదు, అనుమానం లేదు. అక్కడే అతను జాగ్రత్త పడాల్సింది. "పోన్లెండి. నేను రాగసుధకి ఫోన్ చేస్తా. మీరెళ్లి ప్యాంటు మార్చుకోండి, సామాను నేను దించుకొస్తా."

ఇంత సులువుగా తేలిపోతుందని ఉమాకాంతం కలలో కూడా అనుకోలేదు. లోపలికెళ్లి లుంగీ కట్టుకున్నాడు. ఫ్యాను అయిదులో పెట్టాడు. మంచం మీద వాలాడు. దిండు చల్లగా తగిలింది. ఏళ్ల అలసటంతా ఒక్కో ఎముకలోంచీ దిగిపోతున్నట్టనిపించి, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఉమాకాంతం గారూ! బండికేమైందండీ?"

మేడ మీద ఉండే ఇంటి ఓనరు తిరుపతిరావు గొంతు అది. కరెంటాఫీసులో రిటైరయ్యాడు. ఆ వీధిలో ఆదివారం పూట బానెట్టు ఎత్తిన బండి కనబడితే శుభలేఖ పంచినట్టే, పిలవకపోయినా జనం వస్తారు. నాటకం కోసం ఎత్తిన బానెట్టు దించడం ఉమాకాంతం మర్చిపోయాడు.

దిండు వదిలి బయటికొచ్చేసరికి తిరుపతిరావు కారులోకి తల దూర్చి ఉన్నాడు. చర్చి నుంచి అప్పుడే వస్తున్న డేవిడ్‌రాజు మాస్టారు, మల్లెపువ్వులాంటి తెల్లచొక్కాతో, బైబిల్ చంకలో పెట్టుకుని పక్కన నిలబడ్డాడు.

"కరెంటు అందట్లేదు" అన్నాడు తిరుపతిరావు. ముప్ఫయ్యేళ్ల సర్వీసులో ఆయన ఏ సమస్యకైనా చెప్పిన మాట అదే.

"కరెంటు కాదండీ, పెట్రోలు అందట్లేదు" అన్నాడు డేవిడ్‌రాజు.

"పెట్రోలు వాసన గుప్పుమంటుంటే అందకపోవడమేంటి మాస్టారూ?"

"వాసన బయటికొస్తుందంటేనే లోపలికి అందట్లేదని."

"సాయంత్రం నేనే తీరిగ్గా చూసుకుంటాలెండి" అన్నాడు ఉమాకాంతం, ఇంటి వైపు రెండడుగులు వేస్తూ. అంతలో వసుమతి ఎదురొచ్చింది. చేతిలో ఫోను, ఫోన్లో వరప్రసాదరావు మొహం.

"మరిదిగారు వీడియోలో చూసి చెప్తానంటున్నారండీ. పాపం, మీకోసం చిమ్నీ కింద చాపేసుకుని ఎదురుచూస్తున్నారంట." ఫోను తీసుకొచ్చి, ప్రహరీ మీద, పూలకుండీకి ఆనించి, కారు బాగా కనబడేట్టు నిలబెట్టింది. "మీ భోజనం బల్ల మీద మూతపెట్టా. నాకు కాస్త తలనొప్పిగా ఉంది, నడుం వాలుస్తా" అని లోపలికెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. ఫ్యాను చప్పుడు కిటికీలోంచి వినబడుతూనే ఉంది. అది అతను అయిదులో పెట్టిన ఫ్యానే.

"అన్నయ్యగారూ, వినబడుతోందా?" అంది ఫోను.

"వినబడుతోంది" అన్నాడు ఉమాకాంతం. ఏ గొంతు నుంచి తప్పించుకోవాలని ఇంత పని చేశాడో ఆ గొంతే గోడెక్కి కూర్చుంది.

"మా బండిలో అయితే సెన్సారుంటుంది, ఏం పోయిందో అదే చెప్పుద్ది. మీ దాంట్లో అట్లాంటివి ఉండవనుకోండి. సరే, ముందు ఏర్ ఫిల్టర్ విప్పండి."

ఉమాకాంతం చటుక్కున డబ్బా మూత మీద చెయ్యి వేశాడు. "ఫిల్టర్ బానే ఉందండీ, మొన్నే తుడిచా."

"కాదండీ, విప్పి నాకు చూపించండి. సగం రోగాలు అక్కడే ఉంటాయి."

"విప్పండి విప్పండి" అన్నారు తిరుపతిరావూ, డేవిడ్‌రాజూ. వాళ్లిద్దరికీ మొదటిసారి ఒక మాట మీద ఏకాభిప్రాయం కుదిరింది.

ఇక తప్పేట్టు లేదు. ఉమాకాంతం ఫోనుకి వీపు అడ్డం పెట్టి, మోచేతులతో ఇద్దరినీ అటూ ఇటూ నెట్టి, రెక్కల నట్టు తిప్పాడు. ఒక చేత్తో మూతెత్తి, రెండో చెయ్యి ఫిల్టరు కిందికి దూర్చాడు. గుడ్డ చటుక్కున లాగి లుంగీలో దోపుకుందామని అతని ఆలోచన.

చెయ్యి దూరింది. తడిమింది. ఇంకా లోపలికి తడిమింది. అక్కడ గుడ్డ లేదు.

ఉమాకాంతానికి ఒళ్లంతా చెమట పట్టింది. ఫిల్టరు పూర్తిగా ఎత్తి చూశాడు. ఇంజను నోరు నల్లగా, బోసిగా, ఖాళీగా ఉంది. పొద్దున తను తాళం పదే పదే తిప్పడం, ముసలాయన అంత గట్టిగా లోపలికి పీల్చడం గుర్తొచ్చాయి. మసిగుడ్డని ఇంజను మింగేసింది.

"ఏమైందండీ, అట్లా అయిపోయారు?" అన్నాడు డేవిడ్‌రాజు.

"ఏం లేదండీ, ఎండ." ఉమాకాంతం ఫోను వైపు తిరిగాడు. "వరప్రసాద్ గారూ, ఊరికే అడుగుతున్నా… ఇంజన్లోకి పొరపాట్న ఏదన్నా మెత్తటి వస్తువు వెళ్లిందనుకోండి. అప్పుడేమవుద్ది?"

"మెత్తటి వస్తువంటే?"

"అంటే… మెత్తగా ఉండేది. జనరల్ నాలెడ్జి కోసం."

"దూదా?"

"దూది కన్నా కాస్త పెద్దది."

"దుప్పటా?"

"అంత పెద్దది కాదు లెండి."

"ఏది పోయినా ఇంజను మొత్తం దించాల్సిందే అన్నయ్యగారూ. ఆ వయసు బండికి దించితే మళ్లీ ఎక్కించడం ఉండదు, పాత సామాన్ల వాడికి తూకానికి వెయ్యడమే."

ఉమాకాంతం ముసలాయన వైపు చూశాడు. బోసినోరు తెరుచుకుని ముసలాయన కూడా అతని వైపే చూస్తున్నాడు. ఎండలో, వానలో ఏ రోజూ మాట తప్పని బండి. ఒక్క మధ్యాహ్నం నిద్ర కోసం దాని గొంతులో గుడ్డ కుక్కాడు. అతనికి నిజంగా ఏడుపొచ్చింది. మెకానిక్‌ని పిలుద్దామంటే, వాడు లోపల్నుంచి ఎర్రచుక్కల మసిగుడ్డ లాగి వీధి మధ్యలో పైకెత్తి చూపిస్తాడు. ఆ తర్వాత నందిగామ ఆఫీసులో తలెత్తుకు తిరిగేదెట్లా? వసుమతికి మొహం చూపించేదెట్లా?

ఎలాగోలా తనే బాగుచేసుకోవాలి. ఉమాకాంతం స్పానర్ల పెట్టె బయటికి తీశాడు.

ఆ తర్వాత జరిగిందాన్ని రిపేరు అనడానికి నోరు రాదు. ఆ బండికి మూడు ప్లగ్గులు, వాటికి మూడు తీగలు. మూడూ పీకాడు. ప్లగ్గులు పెట్రోల్లో తడిసి ముద్దగా ఉన్నాయి. తడిసిన ప్లగ్గు పొయ్యి మీద కాలిస్తే బాగవుతుందని తిరుపతిరావు చెప్పాడు. ఉమాకాంతం పిల్లిలా వంటింట్లోకెళ్లి గ్యాసు వెలిగించి, పట్టకారుతో ఒక్కొక్కటీ కాల్చి గట్టు మీద పెట్టాడు. ఎర్రగా కాలిన వాటిని బయటికి తీసుకెళ్లాలంటే పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి.

"వసూ, మసిగుడ్డ ఎక్క…" అని అలవాటు కొద్దీ అనబోయి, నాలిక్కరుచుకున్నాడు.

పడగ్గదిలోంచి సన్నగా గురక వినబడింది. చివరికి లుంగీ అంచుతోనే పట్టుకున్నాడు. లుంగీకి మూడు చిల్లులు పడ్డాయి, బొటనవేలు బొబ్బెక్కింది.

ప్లగ్గులు బిగించాక అసలు చిక్కొచ్చింది. ఏ తీగ దేనికి తగిలించాలో గుర్తు పెట్టుకోలేదు. తిరుపతిరావు ఒక వరస చెప్పాడు. డేవిడ్‌రాజు ఇంకో వరస చెప్పాడు. ఫోన్లోంచి వరప్రసాదరావు, మా బండిలో అసలు తీగలే కనబడవని చెప్పాడు. ఉమాకాంతం ఎవరి మనసూ నొప్పించలేక అందరికీ సరే అని, చేతికొచ్చినట్టు తగిలించి తాళం తిప్పాడు.

ఢామ్మని పేలింది. గాలి డబ్బాలోంచి భగ్గుమని నల్లటి పొగ లేచి, వంగి చూస్తున్న డేవిడ్‌రాజు తెల్లచొక్కా మీద ముందుభాగమంతా పరుచుకుంది. గోడ మీద కాకులు లేచిపోయాయి, పక్కవీధి కుక్కలు మొరిగాయి. అంత చప్పుడుకీ పడగ్గదిలో గురక ఆగలేదు. ఉమాకాంతానికి ఆ గురక మీద వచ్చినంత అసూయ జీవితంలో దేని మీదా రాలేదు.

"అన్నయ్యగారూ, తెర నల్లగా అయిపోయిందేంటండీ?" అంది ఫోను.

పొగ వచ్చిందంటే లోపల గుడ్డ కాలుతోందని ఉమాకాంతం లెక్క. బూడిదై బయటికొచ్చేస్తే అదే పదివేలు అనుకుని మళ్లీ మళ్లీ తిప్పాడు. బ్యాటరీ నీరసించి, టిక్కు టిక్కుమని ఊరుకుంది.

"తోస్తే స్టార్టవుద్ది" అన్నాడు డేవిడ్‌రాజు. చొక్కా ఎటూ పాడైపోయింది గనక ఆయనకిప్పుడు వెనక్కి తగ్గే ఉద్దేశం లేదు. మెడలో ఎప్పుడూ ఉండే ఈల తీసి ఊదాడు. "నడుం వంచకండి, మోకాళ్ల మీద బలం పెట్టండి. వన్, టూ, వన్, టూ!" వీధి మార్కెట్టు వైపు పల్లం కావడంతో, ఉమాకాంతం స్టీరింగు ముందు ఎక్కి కూర్చోగానే ముసలాయన హాయిగా దొర్లుకుంటూ చివరి దాకా వెళ్లాడు. స్టార్టు మాత్రం కాలేదు. మళ్లీ ఇంటిదాకా ఎత్తు మీదికి తొయ్యాల్సి వచ్చింది. తిరుపతిరావు తన మోకాళ్లకి కరెంటు అందట్లేదని సగంలో మానుకుని, అరుగు మీద కూలబడ్డాడు. డేవిడ్‌రాజు ఈల ఊదడానికే ఊపిరి సరిపెట్టుకున్నాడు. తోసిన బరువంతా ఉమాకాంతానిదే అయింది.

కారు ఇల్లు చేరేసరికి డేవిడ్‌రాజు భార్య జాయిస్ గేటు దగ్గర నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది. "చర్చికి వేసుకెళ్లిన చొక్కా ఇదేనా? లోపలికి రండి మీరు" అంది. ఆయన ఈల జేబులో వేసుకుని, తల వంచుకుని వెళ్లిపోయాడు. తిరుపతిరావు కరెంటే అందట్లేదని మరోసారి గుర్తుచేసి మేడెక్కాడు. ఫోన్లో చార్జింగు అయిపోయి వరప్రసాదరావు కూడా మాయమయ్యాడు.

ఉమాకాంతం అరుగు మీద కూర్చున్నాడు. ఎండ వాలిపోయింది. నడుం విరిగిపోయింది, బొటనవేలు మండుతోంది, భోజనం మూత కిందే ఉంది. ఆదివారం మొత్తం అయిపోయింది. రేపు పొద్దున మళ్లీ బస్సు.

తలుపు తెరుచుకుంది. వసుమతి మొహం కడుక్కుని, తల దువ్వుకుని, రెండు కప్పుల కాఫీతో వచ్చింది. కళ్లు నిద్రతో ఉబ్బి, మొహం తేటగా ఉంది. ఆమెనలా చూసి ఎన్నాళ్లయిందో ఉమాకాంతానికి గుర్తు రాలేదు.

"ఏవండీ, ఎంతవరకొచ్చింది?"

"తీగలు కలిసిపోయాయి వసూ. ఏది దేనికో తెలీట్లేదు."

"దానికంత దిగులెందుకు? పొద్దున నేను ఫోటో తీసా. ఇదుగో, నా ఇంకో ఫోన్లో ఉంది."

వసుమతి వత్సవాయిలో లెక్కల టీచరు. బళ్లో గుడ్డు పెడితే ఫోటో, బల్ల విరిగితే ఫోటో, మరుగుదొడ్డి కడిగితే ముందొక ఫోటో, తర్వాతొక ఫోటో. పై వాళ్లకి పంపి పంపి ఆమెకి ఏది కనబడినా ఫోటో తియ్యడం అలవాటైపోయింది.

ఉమాకాంతం ఆశగా ఫోను అందుకున్నాడు. ఇంజను స్పష్టంగా ఉంది. మూడు తీగలూ విడివిడిగా కనబడుతున్నాయి. వాటి పైన గాలి డబ్బా ఉంది. దానికి మూత లేదు, ఫిల్టరు పక్కన పెట్టి ఉంది. మధ్యలో ఇంజను నోట్లో పసుపు మీద ఎర్ర చుక్కల గుడ్డ ఉంది.

ఉమాకాంతం కాఫీ కప్పు అరుగు మీద పెట్టేశాడు.

"పక్కకి జరపండి, తర్వాత ఫోటో కూడా ఉంది" అంది వసుమతి.

జరిపాడు. అదే డబ్బా, నోరు ఖాళీ. అంటే తను లుంగీ కట్టుకుని ఫ్యాను పెట్టుకుంటుండగా, సామాను దించుకొస్తానన్న మనిషి దించుకొచ్చింది ఇదన్నమాట.

"నువ్వు… ఆ నట్టెలా విప్పావే?"

"రోజూ కుక్కరు మూత విప్పేదాన్ని, ఇది విప్పలేనా? నిన్న సాయంత్రం మీరు కుక్కుతుంటే కిటికీలోంచి చూస్తూనే ఉన్నా."

"చూసి ఊరుకున్నావా? గుడ్డ ఇంజను మింగేసిందని నేను లోపల్లోపల చస్తున్నా వసూ! తీసేసిన దానివి చెప్పొద్దూ?"

"ముసలాయన మింగేస్తాడేమోనని తీసేసా. చెప్తే మీరొచ్చి పక్కన పడుకుంటారు. మీ గురకలో నాకు నిద్రెక్కడిది?" అంది వసుమతి. కాసేపు కాఫీ తాగి, గొంతు తగ్గించింది. "నాకూ వెళ్లాలని లేదండీ. వారమంతా బడి, ఆదివారం దానింట్లో వంట. ఆ పొయ్యి దగ్గర నించుని నించుని పాదాలు పీక్కుపోతున్నాయి. చెల్లెలు కదా, రానంటే ఏమనుకుంటుందో అని నోరు రాలేదు. నిన్న మీరు గుడ్డ కుక్కుతుంటే దేవుడు కనబడినట్టయింది."

ఉమాకాంతం కోపం తెచ్చుకుందామని ప్రయత్నించాడు. రాలేదు. ఆమె పాదాల వైపు చూశాడు. నిజంగానే వాచి ఉన్నాయి.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?" అన్నాడు.

"మీరు నాతో చెప్పారా?"



"ఇందాక నిద్ర లేచాక రాగసుధకి ఫోన్ చేసా" అంది వసుమతి. "ఒళ్లు అలిసిపోతోందే, ఇకనుంచి నెలకొకసారే వస్తాం అన్నా. సరే అక్కా అంది. అంతే. మీరు ఇంజను విప్పారు, నేను నోరు విప్పా. నాకు నిమిషం పట్టింది."

ఉమాకాంతం బొబ్బెక్కిన బొటనవేలు ఊదుకున్నాడు. నెలకి మూడు ఆదివారాలు! ఫ్యాను, దిండు, కాఫీ వాసన. కళ్లు మూసుకుంటే అప్పుడే కనబడుతున్నాయి. పోయింది ఈ ఒక్క ఆదివారమే కదా, పోనీ అనుకున్నాడు. కాఫీ తాగి, ఫోటో చూసుకుంటూ మూడు తీగలూ వాటి చోట వాటికి తగిలించాడు. వసుమతి డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పింది. ఇంతసేపూ ఎవరూ ముట్టుకోక బ్యాటరీ కాస్త తేరుకున్నట్టుంది. ముసలాయన ఒక్కసారి ఒళ్లు విరుచుకుని, ఒక్క దగ్గు కూడా దగ్గకుండా లేచి కూర్చున్నాడు.

"అమ్మయ్య" అన్నాడు ఉమాకాంతం. "ఇక నేనెళ్లి కాస్త…"

"భలే ఉందండీ ఒళ్లు, దూదిలా తేలిపోతోంది" అంది వసుమతి పక్క సీట్లోకి జరుగుతూ. "నిద్రపోతే ఇంత హాయిగా ఉంటుందని మర్చేపోయా. ఇంకా వెలుతురుంది. గుత్తొంకాయ కూడా ఉంది. వేదాద్రి దాకా పోయొద్దాం, కృష్ణ ఒడ్డున కూర్చుని తిందాం. రండి, నడపండి."

ఉమాకాంతం ఇంటి వైపు చూశాడు. కిటికీలోంచి ఫ్యాను ఇంకా తిరుగుతూ కనబడింది. ఈసారి చెప్పాల్సిందే అనుకున్నాడు. రాను అనడానికి నోరు పూర్తిగా తెరిచాడు.

"సరే" అంది గొంతు.

స్టీరింగు ముందు కూర్చుని, బెల్టు పెట్టుకుని, గేరు వెయ్యబోతూ ఆగాడు. మాటవరసకి అడుగుతున్నట్టు అడిగాడు.

"ఇంతకీ ఆ మసిగుడ్డ ఎక్కడ పెట్టావు వసూ?"

వసుమతి ఒళ్లో ఉన్న హ్యాండ్‌బ్యాగు జిప్పు తెరిచింది. ఎర్ర చుక్కల గుడ్డ మడత పెట్టి, లోపల భద్రంగా ఉంది.

"ఇకనుంచి ఇక్కడే ఉంటుందండీ. అవసరమైనప్పుడు నేను పెడతా."

ఉమాకాంతం గేరు వేశాడు.